మాంద్యకాలమున సంఘపు వెబ్‌సైటును నిలుపుకొను విధము

పంట ధరలు పడిపోయిన సంవత్సరమున సంఘముల సర్వసభ్య సమావేశములలో మొట్టమొదట వినవచ్చు మాట ఖర్చు తగ్గింపుడనునది. ఆ మాట న్యాయమైనదే. సభ్యుని ధాన్యమునకు, పసుపునకు, మిరపకు ధర లేనప్పుడు సంఘము మాత్రము చేతికి వచ్చినట్లు వ్యయము చేయుట తగదు. అయితే ఏది తగ్గింపవలెనో, ఏది తగ్గింపరాదో విచారింపక కొడవలి పెట్టినచో కలుపుతోపాటు పైరును గూడ కోసివేసినట్లగును. తమ సరకును నేరుగా వినియోగదారులకు అమ్ముటకై వెబ్‌సైటు నేర్పరచుకొనిన సంఘములును, రైతు బృందములును నేడు మన రెండు రాష్ట్రములలో పలుచోట్ల కలవు. లెక్కలు చూచునప్పుడు ఆ వెబ్‌సైటు పద్దుపైననే పలువురి కన్ను పడుచున్నది. 'కొనువారే తగ్గినప్పుడు వెబ్‌సైటెందుకు? ధరలు బాగుపడిన పిమ్మట మరల తెరువవచ్చును గదా' యని వాదించువారును కలరు. ఈ వాదమునందలి మంచిచెడ్డలను విచారించి, కష్టకాలమున నేది మాని యేది నిలుపుకొనవలెనో సభ్యులకు విశదపరచుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

మాంద్యమన నెట్టిదో మన రైతులకు వేరుగా వివరింప నక్కరలేదు. 2025వ సంవత్సరపు మొదటి మాసములలో గుంటూరు మిరప ధర పడిపోయి, ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయల ధరను నిర్ణయింపవలసి వచ్చెను. ఆ యేటనే చిత్తూరు ప్రాంతమున తోతాపురి మామిడికి గిరాకి లేక, రాష్ట్ర ప్రభుత్వము కిలో యొకటికి 4 రూపాయల వంతున సాయము ప్రకటించెను. ఇట్టి దినములలో ఒకే యార్డును, ఒకే కమీషను వర్తకుని నమ్ముకొనిన రైతు అతడు చెప్పిన ధరకు తల యొగ్గవలసినదే. పంటలో పదవ వంతునైనను నేరుగా వినియోగదారునకో, పట్టణపు చిల్లర వర్తకునకో అమ్ముకొనగల సంఘమునకు మాత్రము బేరమాడుటకు కొంత యవకాశముండును. అట్టి రెండవ ద్వారమును సంపాదించుటకు సంఘమునకు కొన్ని యేండ్లు పట్టును. దానిని ఒక్క తీర్మానముతో మూసికొనుట ఎంతవరకు యుక్తమో ఆలోచింపవలెను.

సెర్చ్ ఇంజను చేయు పని

హైదరాబాదులోనో బెంగుళూరులోనో నివసించు గృహిణి మంచి పసుపు కొనదలచినప్పుడు తన ఫోను తీసి, 'పసుపు కొమ్ములు', 'కల్తీ లేని పసుపు పొడి' అని గూగులులో వెదకును. వెంటనే కొన్ని వెబ్‌పుటల పేర్లు వరుసగా కనబడును. ఆమె సాధారణముగా మొదటి నాలుగైదింటిని చూచునే గాని పదునైదవ దానివరకు దిగదు. కావున ఆ వరుసలో మన పుట యెచ్చట నున్నదనునదియే ముఖ్యము. మన పుటను ఆ వరుసలో పైకి వచ్చుటకు అర్హముగా నుంచు పనులన్నిటిని కలిపి సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అనియు, పొడి యక్షరములలో ఎస్‌ఇఓ అనియు వ్యవహరింతురు.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను నిరువురు అమెరికాలో స్థాపించిన గూగుల్ సంస్థయే నేడీ పనిలో అగ్రగణ్యమైనది. దాని యంత్రము మూడు పనులు చేయును. మొదటిది, లింకుల వెంబడి పుటనుండి పుటకు తిరిగి చూచుట. రెండవది, చూచినదానిని తన సూచికలో వ్రాసికొనుట. మూడవది, ఎవరైన నడిగినప్పుడు ఆ సూచికనుండి తగినవానిని ఏరి వరుసగా నిలుపుట. పూర్వము కరణము పొలములు తిరిగి, ఏ సర్వే నంబరులో ఏ పైరున్నదో చూచి అడంగలులో వ్రాసెడివాడు. పైన చెప్పిన మొదటి రెండు పనులును అట్టివే. పొలము బీడుగా నున్నచో అడంగలులో బీడనియే పడును. పోయిన యేడు అక్కడ పుట్లకొలది పండినదను మాట ఈ యేటి లెక్కకు పనికిరాదు. మూతపడిన వెబ్‌సైటు గతియు నిట్టిదే.

ఇంజను నీరు, చెరువు నీరు

గూగులులో కనబడుటకు రెండు మార్గములు కలవు. మొదటిది ధనము చెల్లించి ప్రకటన వేయించుట. ఇది ఆయిలింజను పెట్టి నీరు తోడుటవంటిది. నూనె యున్నంతసేపు నీరు పారును. నూనె యైపోయిన తోడనే కాలువ యెండును. రెండవది, పుటను బాగుగ నుంచుకొని, ధనము చెల్లింపకయే వరుసలో స్థానము సంపాదించుట. ఇది చెరువు వంటిది. నిండుటకు కాలము పట్టును. నిండిన పిదప దినదినము ధనము కోరదు. కాని గట్టు తెగకుండ, పూడిక పేరుకొనకుండ, తూము మూసికొనకుండ కనిపెట్టి చూచుచుండవలెను. ప్రకటనలకు ఎంత ధనము చెల్లించినను ఈ రెండవ విధమైన స్థానము దానివలన పెరుగదనియు, చెల్లింపకున్నను తరుగదనియు గూగుల్ సంస్థయే స్పష్టముగా చెప్పియున్నది.

మన పెద్దలు కుడిమరామత్తు అను నాచారముచొప్పున ఊరి రైతులందరును చేరి, తలకింత పని పంచుకొని, చెరువును కాలువలను బాగుచేసికొనెడివారు. రొక్కము లేని యేట గూడ ఆ పని జరుపుటకు వీలుండెడిది; ఏలయనగా దానికి కావలసినది చేతులే గాని రొక్కము కాదు. మాంద్యకాలమున వెబ్‌సైటును కాపాడుకొనుటయు నట్టిదే. ఇంజను ఆపవచ్చును. చెరువు గట్టును మాత్రము విడువరాదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దంతయు ఈ రెండు మాటలలో నిమిడియున్నది.

వెబ్‌సైటును మూసిన నేమగును?

ఈ ప్రశ్నకు అనుభవముమీద లభించిన జవాబే కలదు. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన కరోనా వ్యాధి కారణముగా మన దేశమంతట లాక్‌డౌను ప్రారంభమయ్యెను. ఇతర దేశములలోను అంగళ్లు మూతపడెను. ఆ మార్చి నెలలోనే గూగుల్ సంస్థ, వ్యాపారమును తాత్కాలికముగా నిలుపదలచినవారు తమ వెబ్‌సైటు విషయమున నేమి చేయవలెనో తెలుపుచు సలహాలు ప్రకటించెను. వాని సారాంశ మిది.

వెబ్‌సైటును పూర్తిగా మూసివేయవలదు. కొనుగోలు బుట్టను మాత్రము పని చేయకుండ జేసి, 'ప్రస్తుతము సరకు పంపుటలేదు, ఫలానా సమయమున మరల ప్రారంభింతుము' అను ప్రకటనను పుట పైభాగమున నుంచుట మేలు. తప్పనిసరిగా మూయవలసివచ్చినచో, అది ఒకటి రెండు దినములకు మించరాదు. అప్పుడు గూడ సర్వరు 503 అను సంఖ్య గల జవాబు నీయవలెను. ఈ సంఖ్యకు 'తాత్కాలికముగా లేదు, మరల రమ్ము' అని యర్థము. అట్లుగాక 404 అను జవాబు వచ్చినచో, అనగా అట్టి పుటయే లేదని యంత్రమునకు తోచినచో, అది యా పుటను తన సూచికనుండి తొలగించును. తొలగిన పుటలు మరల నెన్నాళ్లకు చేరునో గడువు లేదు. త్వరపెట్టుటకు ఉపాయమును లేదు.

దీనిని మన పరిస్థితికి అన్వయించి చూతము. దుగ్గిరాల ప్రాంతమున పసుపు అమ్ము సంఘ మొకటి గలదనుకొందము. ధర పడిన యేట అది తన వెబ్‌సైటును పూర్తిగా మూసినది. గూగుల్ యంత్రము వచ్చి చూచి, పుటలు లేవని సూచికనుండి కొట్టివేసినది. ఇదివరలో ఆ సంఘపు పుటకు దారి చూపుచుండిన యితర వెబ్‌సైటుల లింకులు ఎండిన కాలువలైనవి. వెదకిన గృహిణికి ఆ చోట మరియొక యంగడి పేరు కనబడినది. ఆమె అచ్చటనే కొనుట అలవాటు చేసికొన్నది. ఏడాది గడచి ధర తిరిగి లేచునప్పటికి సంఘము మరల మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చినది. అప్పుడు సరకును మోసికొని ఏ వర్తకునివద్దకు పోవునో చెప్పనక్కరలేదు. మూసిన యేట మిగిలిన స్వల్పధనము, తెరచిన యేట పోయిన బేరముతో పోల్చదగినది కాదు.

ఎట్టి యేటను ఆపరాని ఖర్చులు

ఇట్టివి మూడు మాత్రమే గలవు. మొదటిది డొమైను పేరు. అనగా వెబ్‌సైటు చిరునామాకు సాలుసాలుకు కట్టవలసిన రుసుము. ఇది సాధారణపు పేర్లకు సాలుకు వేయి రూపాయల ప్రాంతమున నుండును. దీనిని మరచుట వలన కలుగు నష్టము చాల పెద్దది. డాట్ కామ్ వంటి పేర్లకు గడువు తీరి తొలగింపు జరిగిన పిదప 30 దినముల విమోచనకాల మొకటి కలదు. అప్పుడు అధిక రుసుము చెల్లించి పేరును విడిపించుకొనవచ్చును. అదియు దాటి మరి 5 దినములు గడచినచో, ఆ పేరును ఎవరైన కొనుక్కొనవచ్చును. ఏండ్ల తరబడి మంచిపేరు తెచ్చుకొనిన చిరునామాను వేరొకడు కొని, దానిమీద జూదపు ప్రకటనలు పెట్టుట కద్దు. కావున పేరు ఎవరి పేరిట నున్నదో, గడువు తేదీ యేదో కార్యదర్శి రిజిస్టరులో వ్రాసియుంచవలెను. పేరు సంఘము పేరిటనే యుండవలెను గాని, వెబ్‌సైటు కట్టియిచ్చిన పనివాని పేరిట నుండరాదు. సహకార సంఘముల కొరకే డాట్ కోప్ అను ప్రత్యేకమైన చివరిపేరు 2002 నుండి వాడుకలో నున్నదని సభ్యు లెరుగుట మంచిది. కాని ఇప్పటికే పేరుపొందిన చిరునామాను మాంద్యకాలమున మార్చుట మంచిది కాదు.

రెండవది సర్వరు అద్దె. ఎక్కువ ఖరీదైన ఏర్పాటునుండి చిన్నదానికి మారవచ్చును. కాని మారునప్పుడు పుటల చిరునామాలు మారకుండ జూచుకొనవలెను. మూడవది భద్రతా ధ్రువపత్రము. 2018 జూలై నుండి క్రోమ్ బ్రౌజరు ధ్రువపత్రము లేని వెబ్‌సైటులను సురక్షితము కావని చూపుచున్నది. అది చూచిన కొనుగోలుదారుడు ధనము చెల్లించుటకు జంకును. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను ధర్మసంస్థ 2015 చివరి నుండి ఈ ధ్రువపత్రమును ఉచితముగా నిచ్చుచున్నది. దాని గడువు కొలది కాలమే గనుక, తనంతట తానే మరల తెచ్చుకొనునట్లు సర్వరులో నేర్పాటు చేయించుకొనవలెను.

చేతులతో జరుగు పనులు

ఇక కుడిమరామత్తు వంటి పనులకు వత్తము. వీనికి ధనము అక్కరలేదు. సంఘమునందు చదువుకొనిన యువకుడో యువతియో వారమునకు రెండు గంటలు శ్రద్ధతో కూర్చుండిన చాలును.

మొదట, కాలానుగుణమైన పంటల పుటలను తీసివేయరాదు. బనగానపల్లె మామిడినే తీసికొందము. దీనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాయ వేసవిలో మాత్రమే వచ్చును గాని, ఆ పుట పండ్రెండు మాసములును ఉండవలెను. కాయలు అయిపోగానే పుటను తొలగించి, మరుసటి యేడు క్రొత్త చిరునామాతో మరియొకటి పెట్టుట పెద్ద పొరపాటు. అట్లు చేసినచో ఏటేట గింజనుండి చెట్టును పెంచినట్లగును. ఒకే చిరునామాను నిలిపి, 'ఈ యేటి కాయలు అయిపోయినవి, వచ్చు వేసవికి పేరు వ్రాయించుకొనుడు' అని మార్చిన చాలును. చెట్టు పాతదైనకొలది వేరు లోతగును.

రెండవది, పుటలోని సంగతులు నిజముగా నుండవలెను. పనిచేయని ఫోను నంబరు, రెండేండ్లనాటి ధర, లేని సరకు కనబడిన చోటికి కొనువాడు మరల రాడు. నెలకొక పర్యాయము ప్రతి పుటను చదివి దిద్దవలెను. తెగిన లింకులను సరిచేయవలెను. ఒకే సంగతిని చెప్పు చిన్న చిన్న పుటలు నాలుగైదున్నచో, వానిని కలిపి యొక మంచి పుటగా వ్రాసి, పాత చిరునామాలకు వచ్చినవారిని క్రొత్తదానికి పంపునట్లు 301 అను శాశ్వతపు మళ్లింపు పెట్టించవలెను. కాలువ మార్చినప్పుడు పాత కాలువ నీటిని క్రొత్త కాలువలోనికి త్రిప్పుటవంటి దిది.

మూడవది, పుట త్వరగా తెరచుకొనవలెను. గూగుల్ సంస్థ చెప్పు కొలతచొప్పున పుటలోని ముఖ్యభాగము 2.5 సెకండ్ల లోపల కనబడవలెను. సంఘముల వెబ్‌సైటులు ఆలస్యమగుటకు పెద్ద పెద్ద ఛాయాచిత్రములే తరుచుగా కారణము. ఫోనులో తీసిన చిత్రమును ఉన్నదున్నట్లు పెట్టక, దాని పరిమాణమును తగ్గించి పెట్టిన చాలును. 2023 చివరికి గూగుల్ సంస్థ వెబ్‌సైటులను ఫోనులో కనబడు రూపమును బట్టియే చూచు పద్ధతికి పూర్తిగా మారినది. కావున కంప్యూటరు తెరపై నెంత చక్కగ నున్నను, ఫోనులో చదువరానిది పనికిరాదు.

నాలుగవది, గూగుల్ పటములో సంఘపు గిడ్డంగి, దుకాణము కనబడునట్లు ఉచితముగా నమోదు చేయించుకొనవలెను. పని వేళలు మారినప్పుడెల్ల దిద్దవలెను. కొంతకాలము మూసిన యెడల తాత్కాలికముగా మూసినట్లు గుర్తుపెట్టవలెను గాని, శాశ్వతముగా మూసినట్లు పెట్టరాదు. కొనినవారు వ్రాసిన యభిప్రాయములకు, అవి నిందలైనను, మర్యాదగా జవాబీయవలెను.

అనుభవమే యెరువు

అయిదవ పని రచన. దీనిని ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 2022 డిసెంబరులో గూగుల్ సంస్థ పుటల మంచిచెడ్డలను పరీక్షించువారికిచ్చు నియమములలో, వ్రాసినవారికి ఆ విషయమున స్వానుభవము గలదా యను ప్రశ్నను చేర్చినది. ఈ విషయమున పట్టణపు వర్తకునికంటె రైతుకు గల యాధిక్యము గొప్పది. పసుపును త్రవ్వి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపట్టించుట ఎట్లో మనము చేతులార చేసినవారము. కొమ్ములకును దుంపలకును గల భేదము, సరిగా నెండనిదానిని గుర్తుపట్టు విధము, పొడిలో కల్తీని కనుగొను తెరగు, ఏడాది పొడుగున పురుగు పట్టకుండ నిలువచేయు పద్ధతి, ఇవన్నియు కొనువా రడుగు ప్రశ్నలే. తాండూరు కంది 2022లోను, అరకు కాఫీ 2019లోను భౌగోళిక గుర్తింపు పొందినవి. అట్టి పేరుగల పంటలను పండించు సంఘములు ఆ పేరు ఎందుకు వచ్చినదో, ఆ నేల గుణమేమో, నకిలీని గుర్తించు టెట్లో తమ మాటలలో వ్రాసినచో అంతకంటె మంచి ఎరువు లేదు.

ధర లేని కాలమున సభ్యులకు పని కొంత తక్కువగా నుండును. నెలకొక వ్యాసమును తెలుగులోను, వీలైనచో ఆంగ్లములోను వ్రాయించుటకు అదియే తగిన సమయము. తెలుగులో ఇట్టి సమాచారము తక్కువగా నుండుటచేత, బాగుగ వ్రాసిన తెలుగు పుటకు స్థానము దొరకుట కొంత సులభము. అమెరికాలోను గల్ఫు దేశములలోను నివసించు తెలుగువారు సైతము స్వగ్రామపు సరకు కొరకు తెలుగుననే వెదకుట కలదు.

కొనువారి ప్రశ్నలు మారుట

మాంద్యమున జనులు వెదకుట మానరు. వెదకు మాటలు మారును. పండుగకు బహుమతిగా పంపు మేలైన పెట్టెలను వెదకువారు తగ్గుదురు. 'కిలో ధర', 'అరకిలో', 'టోకు', 'నలుగురు కలిసి కొనుట' వంటి మాటలు పెరుగును. ఈ మార్పును ఊహతో నిర్ణయింపక కన్నులార చూడవచ్చును. గూగుల్ సెర్చ్ కన్సోల్ అను నుచితమైన సాధనము, ఏ మాటలు వెదకినప్పుడు మన పుట కనబడినదో, ఎందరు దానిని తెరచిరో 16 నెలల వరకు చూపును. అందువలన పోయిన యేటి సంక్రాంతిని ఈ యేటి సంక్రాంతితో పోల్చి చూడవచ్చును. మామిడి పుటకు మాఘమాసమున రాకపోకలు తక్కువయినవని భయపడనక్కరలేదు. పోయిన మాఘమాసముతో పోల్చి తక్కువయినచో మాత్రము విచారింపవలెను. గూగుల్ ట్రెండ్స్ అను మరియొక యుచిత సాధనము, దేశమంతటను ఆ మాటను వెదకువారు పెరిగిరో తగ్గిరో చూపును. ఊరంతట వాన లేకున్న మన చెరువు తగ్గుట వేరు. ఊరి చెరువులన్నియు నిండియుండ మన చెరువు మాత్రము తగ్గుట వేరు. ఈ రెంటి భేదము తెలిసినగాని మరమ్మతు ఎక్కడ చేయవలెనో తెలియదు.

ఇంకొక మార్పును గూడ సభ్యులు గమనింపవలెను. 2024 ఆగస్టు నుండి మన దేశమునగూడ గూగులు కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధచే తయారైన జవాబును వరుసకు పైభాగముననే చూపుచున్నది. దానిని చదివి తృప్తిపడినవారు క్రింది పుటలను తెరువకపోవచ్చును. కావున పుట తెరచినవారి సంఖ్య తగ్గుట ఒక్కటే చూచి, పని వ్యర్థమైనదని తలపరాదు. ఎన్ని కొనుగోళ్లు, ఎన్ని ఫోను పిలుపులు వచ్చినవో వేరుగా లెక్క పెట్టవలెను.

మోసపు బేరములు

కష్టకాలమున చౌకబేరములు చెప్పువారు వత్తురు. 'ఒక నెలలో మీ పుటను మొదటి స్థానమున నిలుపుదుము' అనువారిని నమ్మరాదు. మొదటి స్థానమునకు ఎవ్వరును హామీ యీయజాలరని గూగుల్ సంస్థయే హెచ్చరించుచున్నది. ఇట్టివారు చేయునది తరుచుగా దొంగలింకులు కొనిపెట్టుట. 2012 ఏప్రిలులో గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అను మార్పు ఇట్టి లింకులు గల వెబ్‌సైటులను వరుసలో చాల క్రిందికి త్రోసినది. మరల 2024 మార్చిలో, వరుసలో పైకి వచ్చుటకై పుటలను కుప్పతెప్పలుగా తయారుచేయుటను, అవి యంత్రము వ్రాసినవైనను మనుష్యులు వ్రాసినవైనను, దోషముగా ప్రకటించినది. రోజుకు నూరు పుటలు యంత్రముచే వ్రాయింతుమనువారికి ధనమిచ్చుట, చెరువు గట్టును మనమే గండికొట్టుకొనుట. మెచ్చుకోలు మాటలను కొని వ్రాయించుటయు నిట్టిదే.

మానదగిన ఖర్చులు

తగ్గింపదగినవి లేకపోలేదు. అమ్మకము రాని మాటలకు వేయు ప్రకటనలను వెంటనే ఆపవచ్చును. సరకు లేని నెలలలో ప్రకటన లక్కరలేదు. వెబ్‌సైటుకు క్రొత్త రంగులు, క్రొత్త రూపము తెచ్చు పనిని వాయిదా వేయవచ్చును. మార్పులవలన పాత చిరునామాలు చెడు ప్రమాదము గూడ తప్పును. నెలనెల చందా కట్టు ఖరీదైన సాధనములను మాని, పైన చెప్పిన యుచిత సాధనములతో సరిపెట్టుకొనవచ్చును. ఒక్కొక్క సంఘము వేరువేరుగ నిపుణుని పెట్టుకొనుటకంటె, ఇరుగుపొరుగు సంఘములు నాలుగు కలిసి యొకనిని పెట్టుకొనుట సహకార ధర్మమునకు తగినది.

ఫలమెప్పుడు?

ఇట్టి పనులకు ఫలము కనబడుటకు సాధారణముగా నాలుగు నెలలనుండి ఒక సంవత్సరము పట్టునని గూగుల్ సంస్థ చెప్పుచున్నది. పసుపు పంటకాలమువంటిదే యిది. దీనినిబట్టి ఒక సంగతి తేటపడుచున్నది. నేడు మానిన పనివలన కలుగు నష్టము నేడు కనబడదు. ధర తిరిగి లేచు నాటికి కనబడును. నేడు చేసిన పని ఫలమును ఆ నాటికే చేతికి వచ్చును. మాంద్యము ఎన్నటికిని అట్లే నిలువదు. అది తొలగు నాడు ముందుగా విత్తినవాడే ముందుగా కోయును.

1920, 21 సంవత్సరముల మాంద్యమునుగూర్చి అమెరికాలో రోలండ్ వేల్ అను పండితుడు విచారించి, 1927లో నొక వ్యాసము ప్రకటించెను. ఆ కాలమున ప్రకటనలను నిలుపుకొనిన సంస్థల యమ్మకములు, వానిని తగ్గించుకొనిన సంస్థల యమ్మకములకంటె మెరుగుగా నుండెనని అందు తేలినది. బలముగల సంస్థలే ప్రకటనలను నిలుపుకొనగలిగి యుండవచ్చును గనుక, దీనిని తిరుగులేని రుజువుగా మేము చూపుట లేదు. అప్పుచేసియైనను ప్రకటనలు వేయుడని చెప్పుటయు మా యుద్దేశము కాదు. కాని జనుల కంటబడకుండ పోయినవాడు జనుల మనస్సునుండియు పోవునను మాట ఇంగితజ్ఞానమునకు తెలియనిది కాదు.

సభ వారికి సూచన

వచ్చు సర్వసభ్య సమావేశములలో వెబ్‌సైటు పద్దుపై చర్చ వచ్చినప్పుడు, ఈ క్రింది తీర్మానమును ఆలోచింపవలసినదిగా సంఘముల పాలకవర్గములను కోరుచున్నాము. 'డొమైను పేరు, సర్వరు, భద్రతా ధ్రువపత్రము అను మూడింటికిని మూడేండ్లకు సరిపడు మొత్తమును వేరుగా తీసి యుంచవలెను. దానిని మరి దేనికిని వాడరాదు. ప్రకటనల పద్దును అమ్మకములనుబట్టి తగ్గింపవచ్చును, ఆపవచ్చును. వెబ్‌సైటు సంరక్షణమునకు ఇద్దరు సభ్యులను నియమించి, వారు వారమునకు రెండు గంటలు పని చేయునట్లును, మూడు నెలలకొకమారు సెర్చ్ కన్సోల్ లెక్కలను, వచ్చిన కొనుగోళ్లను పాలకవర్గమునకు చూపునట్లును ఏర్పాటు చేయవలెను.'

ఇందులో సంఘమునకు భారమగు ఖర్చేమియు లేదు. కావలసినది వంతులవారి శ్రద్ధ మాత్రమే. ఆ శ్రద్ధ మన గ్రామములకు క్రొత్త కాదు.